ఫ్లష్ ట్యాంకు రాత్రంతా కారుతుంటే: నా అనుభవం

మాది హనుమకొండ, ఇంట్లో బోరు నీళ్లు. రాత్రి మోటారు వేసి పైన ట్యాంకు నింపి పడుకుంటే తెల్లారేసరికి సగం ఖాళీ. చూస్తే కమోడ్ లోపల, వెనక వైపున వెంట్రుకంత ధార, చప్పుడు కూడా లేదు. ఫ్లోట్ మార్చాను, బటన్ బిగించాను, ప్లంబరేమో ‘మొత్తం ట్యాంకే మార్చాలి సార్’ అన్నాడు.

చివరికి ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలిమందు నాలుగు చుక్కలు వేసి, ఫ్లష్ చేయకుండా 20 నిమిషాలు వదిలేశాను. కమోడ్‌లోకి నీలం దిగింది. అంటే తప్పు ట్యాంకు నీళ్లను కమోడ్‌లోకి వదిలే అడుగు వాల్వుదే. యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్లొచ్చే చిన్న కుళాయి) కట్టేసి, ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేసి, మధ్యలో ఉన్న ఆ వాల్వును ఎడమకు పావు చుట్టు తిప్పితే చేతికొచ్చింది. కింద వాషరు నిండా తెల్లటి సున్నం, గోరుతో గీకితే గరగర. మగ్గు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి వాషరును అరగంట నానబెట్టాను. (ఇందులో బ్లీచింగ్ మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.)

అసలు కిటుకు వాషరు కూర్చునే ప్లాస్టిక్ అంచు దగ్గర ఉంది. మొదటిసారి దాన్ని వదిలేశాను, మళ్లీ కారింది. రెండోసారి అదే నీళ్లలో పాత టూత్ బ్రష్ ముంచి, వేలికి నున్నగా తగిలేదాకా రుద్దాను. తర్వాత వాషరును తిరగేసి ఎక్కించాను.

నెలయింది, చుక్క కారలేదు. మాది సున్నం సమస్య కాబట్టి కుదిరింది. వాషరు చీలిపోయి ఉంటే కొత్తది వేయాల్సిందే. కొన్ని పాత ట్యాంకుల్లో వాల్వు ఇలా తిప్పితే రాదు, బలవంతం చేయకండి.