నగరంలో చెట్ల నిర్వహణకు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం – 4వ పాఠం: పాదు వేరు, చెట్టు వేరు

ఫోన్‌తో ఫీల్డులో వివరాలు సేకరించడం ఈ పాఠంలో చెప్తానని పోయినసారి రాశాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మీరు పంపిన షీట్లు చూశాక, ముందు వీటి సంగతి తేల్చకుండా ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఉపయోగం ఉండదనిపించింది.

అభ్యాసంగా ఒక వీధిలోని చెట్లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించమన్నాను. తర్వాత వాటిలో ఒక చెట్టు పడిపోయిందని, దాని చోట కొత్త మొక్క నాటారని అనుకుని షీట్ సవరించమన్నాను. మొదటి సగం బాగానే చేశారు. అందులో రెండు తప్పులు మాత్రం చాలా షీట్లలో ఉన్నాయి.

ఒకటి, మాను చుట్టూ టేపు పెట్టి కొలిచిన అంకెను ‘వ్యాసం’ కాలమ్‌లో వేయడం. చుట్టుకొలత 94 సెంటీమీటర్లు ఉంటే వ్యాసం 30 మాత్రమే. 94నే వ్యాసం అనుకుంటే మాను అడ్డుకోత వైశాల్యం దాదాపు పది రెట్లవుతుంది, దాని మీద కట్టే లెక్కలన్నీ అలాగే ఉబ్బిపోతాయి. నేనైతే చుట్టుకొలతే రాయిస్తాను, 3.14తో భాగించే పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తాను. ఏ ఎత్తులో కొలిచారో కూడా రాసి పెట్టండి. అమెరికాలో నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర కొలుస్తారు, యూరప్‌లో చాలాచోట్ల 1.3 దగ్గర. ఏదైనా ఫర్వాలేదు, ఏటా ఒకటే ఉండాలి.

రెండోది చెట్ల నంబర్లు. 0147 అని ఇచ్చిన నంబరు 147 అయిపోయింది. 3-12 అని ఇచ్చినది తేదీగా మారిపోయింది. ఎక్సెల్ అలవాటే అంత. మనిషి జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ కూడా ఈ తేదీల బాధ పడలేక 2020 నాటికి కొన్ని పేర్లే మార్చేసింది. నంబరు ముందు ఒక అక్షరం పెట్టండి, సమస్య తీరిపోతుంది.

ఇక పడిపోయిన చెట్టు. ఇక్కడ సగం మంది ఆ వరుసను డిలీట్ చేశారు. మిగతా సగం అదే వరుసలో జాతి పేరు, చుట్టుకొలత మార్చేసి కొత్త మొక్క అన్నారు. రెండూ తప్పే. మన చేత ఇదే తప్పు చేయించే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

పా-412 అనే పాదు, అంటే చెట్టు నాటే చోటు, ఉందనుకోండి. 1998లో అక్కడ నిద్రగన్నేరు నాటారు. 2016లో కరెంటు తీగలకు తగులుతోందని ఒక పక్క కొమ్మలు కొట్టారు. 2021 తనిఖీలో మాను మొదట్లో తొర్ర కనిపించింది. 2023లో గాలివానకు అది పక్కనున్న కారు మీద పడింది. 2024లో అక్కడే కానుగ మొక్క నాటారు.

వరుస డిలీట్ చేస్తే ఏమవుతుంది? కారు యజమాని వచ్చి, తొర్ర ఉందని మీకు ముందే తెలుసా, తెలిసి ఏం చేశారు అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. వరుసను సవరిస్తే ఇంకా ఘోరం. 2024లో నాటిన కానుగకు 2021 నాటి తొర్ర అంటుకుంటుంది. ప్రమాదకరమైన చెట్ల జాబితా తీస్తే ఆ లేత మొక్క అందులో పైన ఉంటుంది. సిబ్బంది దాన్ని చూడటానికి వెళ్లిన పూట నిజంగా చూడాల్సిన చెట్టు ఆగిపోతుంది.

మొక్కల బతుకు లెక్క కూడా దీంతోనే పాడవుతుంది. 100 మొక్కలు నాటితే 38 చచ్చిపోయాయి, ఆ వరుసలు తీసేశారు. మిగిలిన 62 వరుసల్లో అన్నీ బతికున్నవే! రిపోర్టులో వంద శాతం బతికినట్టు వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా రిపోర్టు అబద్ధం. ఒకే పాదులో మూడుసార్లు నాటితే మూడుసార్లూ మొక్క చచ్చిపోతే తప్పు మొక్కది కాదు, ఆ మట్టిదో, కింద ఉన్న కాంక్రీటుదో. పాదుకు సొంత నంబరు లేకపోతే ఆ సంగతి ఎన్నటికీ బయటపడదు. నాలుగోసారి కూడా అక్కడే నాటుతాం.

కాబట్టి మూడు పట్టికలు. పాదుల పట్టిక ఒకటి: ఆ చోటు ఎక్కడుంది, వెడల్పెంత, పైన తీగలున్నాయా. చెట్ల పట్టిక ఇంకొకటి: జాతి, నాటిన తేదీ, పోయిన తేదీ, ఏ పాదులో ఉంది. మూడోది జరిగిన పనులది: తనిఖీ, కొమ్మలు కొట్టడం, నరికేయడం, ఒక్కో పనికి ఒక్కో వరుస, ప్రతి వరుసలో చెట్టు నంబరు. పాదు పోదు, చెట్టు మారుతుంది, పనులు పేరుకుంటాయి.

ఇది నా సొంత పైత్యం కాదు. న్యూయార్క్ నగరం 2015లో వీధి చెట్లు లెక్కపెట్టినప్పుడు బతికున్నవి, చచ్చినవి, మొద్దులు అన్నిటికీ వరుసలు పెట్టింది. ఇప్పుడు ఆ నగరం అందరికీ ఇస్తున్న డేటాలో చెట్లు ఒక ఫైలు, నాటే చోట్లు వేరే ఫైలు, తనిఖీలు, పనులు మళ్లీ వేరే ఫైళ్లు. ఉచితంగా దించుకోవచ్చు. ఒక గంట దాంట్లో తిరగండి, అమ్మేవాళ్ల డెమోలు పది చూసినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది.

డెమోలో ముందు మ్యాపు చూపిస్తారు. దాన్ని చివర్లో చూద్దామని చెప్పి ఒక్కటే అడగండి: “ఈ పాదులో ఇంతకు ముందు ఏ చెట్టుండేదో చూపించండి.” నోట్స్ కాలమ్‌లో రాసుకోవచ్చు అంటే అక్కడితో ఆపేయండి. నోట్స్‌లో రాసినదాన్ని లెక్కపెట్టలేం, వడపోయలేం. పాత చెట్టును ‘తొలగించాం’ అని గుర్తు పెట్టి మ్యాపు మీద అదే చోట కొత్త చుక్క పెట్టొచ్చు అంటే పర్వాలేదు, సగం మేలు. చరిత్ర మిగులుతుంది. కానీ పాత చెట్టుకూ కొత్త మొక్కకూ ఉన్న లంకె కేవలం మ్యాపు మీద దగ్గరగా ఉండటమే. గుబురు కింద ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది, పక్క చెట్టుతో కలిసిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత ఎక్స్‌పోర్టు, అంటే మన డేటాను ఫైళ్లుగా బయటికి తీసుకోవడం. అందరూ ఉందనే అంటారు, ఉంటుంది కూడా. అందులో వచ్చేది ఈరోజు చెట్టు ఎలా ఉందన్న ఒక్క వరుసా, లేక పాత తనిఖీలు కూడానా అన్నది చూడాలి. ఫొటోలు మరీ ముఖ్యం. ఫైలు పేరులో గానీ ఒక పట్టికలో గానీ చెట్టు నంబరు లేకపోతే ఆ ఫొటోలు ఎందుకూ పనికిరావు. లింకులు మాత్రమే ఇస్తే కాంట్రాక్టు ముగిసిన రోజున అవీ పోతాయి.

ఐ-ట్రీ ఎకో ఉచితం కదా, అది చాలదా అని చాలామంది అడిగారు. చాలదు. అమెరికా అటవీ సేవా విభాగం 2006 నుంచి ఇస్తున్న ఐ-ట్రీ కుటుంబంలో అది మంచి సాధనం. చెట్లలో కార్బన్ ఎంతుంది, గాలిలో కాలుష్యం ఎంత తగ్గుతోంది, వాననీటి పారుదల ఎంత తగ్గుతోంది అని లెక్కగడుతుంది. రేపు ఏ కొమ్మ ఎవరు కొట్టాలన్నది దాని పని కాదు. దాన్నీ, పనులు నడిపే సాఫ్ట్‌వేర్‌నీ పక్కపక్కన వాడుకోండి. చెట్లు కొన్ని వేలే ఉండి, డేటాబేస్ తెలిసిన మనిషి ఒకరు ఉంటే నా ఓటు కంప్యూటర్లో మ్యాపులు నడిపే క్యూజీఐఎస్‌కి, ఫోన్లో దానికి తోడుండే క్యూఫీల్డ్‌కే. రెండూ ఉచితం, మూడు పట్టికలూ మనమే కట్టుకోవచ్చు. ఆ మనిషి లేకపోతే మాత్రం అటు వెళ్లొద్దు.

అభ్యాసం: ట్రయల్ దొరికే రెండు సాఫ్ట్‌వేర్లు తీసుకోండి. పా-412 కథ మొత్తం, 1998 నుంచి 2024 దాకా, రెండింటిలోనూ ఎక్కించండి. తనిఖీకి ఒక ఫొటో జతచేయండి. ఎక్స్‌పోర్టు చేసి, ఆ ఫైళ్లను ఎక్సెల్‌లో కాకుండా నోట్‌ప్యాడ్‌లో తెరవండి. సాఫ్ట్‌వేర్ మూసేసి, ఆ ఫైళ్లు మాత్రమే చూస్తూ కథను తిరిగి కాగితం మీద రాయండి. వీలైతే ఆ ఫైళ్లు ఇంకొకరికి ఇచ్చి వాళ్ల చేత రాయించండి. ఎక్కడ ఆగిపోయారో ఆ వరుసను నాకు పంపండి. సాఫ్ట్‌వేర్‌లోని జాతుల శాస్త్రీయ నామాల జాబితా కూడా ఒకసారి చూడండి: సమానియా సమన్, ఆల్బీజియా సమన్ రెండూ ఉంటే రెండూ నిద్రగన్నేరే, అందులో ఒకటి తీసేయమనండి.