పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్ల చేత బ్యాలెన్స్ వ్యాయామం చేయించే ముందు

ముందు మాత్ర సంగతి. పార్కిన్సన్స్ మందు లెవోడోపా వేసుకున్న ముప్పావుగంట, గంటకు చాలామందికి ఒళ్లు తేలికపడుతుంది, వ్యాయామం అప్పుడే. మందు దిగిపోయే వేళ చేయిస్తే పడతారు.

బీపీ పడుకోబెట్టిన 5 నిమిషాల తర్వాత ఒకసారి, నిలబెట్టాక 1, 3 నిమిషాలకు చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ రోజు నిలబడే వ్యాయామాలు వద్దు, డాక్టరుకు చెప్పండి. రోహిణీ కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎండకు ఒంట్లో నీరు తగ్గి బీపీ ఇంకా పడిపోతుంది. పొద్దున 7 లోపే కానివ్వండి.

కడిగిన గచ్చు ఆరాలి, పట్టాలు తీసేయాలి. హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టి ఉంచే బూట్లు వేయండి. పట్టుకోవడానికి గోడకు ఆనించిన బరువైన కుర్చీ, ప్లాస్టిక్‌ది తిరగబడుతుంది.

గడప దగ్గర, మలుపులో కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. అప్పుడు చెయ్యి పట్టి లాగారో, ఒళ్లు ముందుకొస్తుంది, పాదం రాదు. ఆగనివ్వండి, బరువు అటూ ఇటూ మార్పించి, "ఒకటి, రెండు" అంటూ పెద్ద అడుగు వేయించండి. ఉన్నచోటే గిర్రున కాకుండా అర్ధచంద్రాకారంగా తిప్పాలి.

మీరు బలహీనమైన వైపు, కాస్త వెనగ్గా నిలబడండి. మధ్యలో కబుర్లు వద్దు, ఫోనైతే అసలే వద్దు.