స్పోరన్ లేకుండా కిల్ట్ కట్టుకోవడం ఎలా?

కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ల వస్త్రం. దానికి జేబులుండవు. అందుకే ముందువైపు నడుము కింద స్పోరన్ అనే సంచి వేలాడుతుంది. స్కాట్లాండ్ గేలిక్ భాషలో ఆ మాటకు డబ్బు సంచి అనే అర్థం. పాతకాలంలో హైలాండ్స్ అనే స్కాట్లాండ్ కొండ ప్రాంతపు మనుషులు కట్టుకున్నది తోలుతో కుట్టి, తాడుతో మూతి బిగించే మామూలు తిత్తి. మన తాతలు పంచె రొంటిన సొమ్ము దోపుకున్నట్టే, అదీ అవసరం కోసం పుట్టిందే. వెండి పట్టీ, బొచ్చు, కుచ్చులు ఆ తర్వాత వచ్చి చేరిన అలంకారాలు. కాబట్టి స్పోరన్ వద్దనుకుంటే తప్పేమీ లేదు. దాన్ని తీసేసి, చేతికి దొరికింది నడుముకు తగిలించుకోవడమే తప్పు. గ్లాస్గోలో పెళ్లిళ్లలో, కేలీ అనే స్కాట్లాండ్ జానపద నృత్యాల సభల్లో ఏళ్ల తరబడి ఇదే చూస్తున్నాను. మంచి ఉన్ని కిల్ట్ మీద నైలాన్ జిమ్ సంచి, మేజోడులో ఫోను, చేతిలో తాళాలు.

మొదట సందర్భం చూసుకోండి. ప్రిన్స్ చార్లీ అనే లాంఛనపు పొట్టి కోటు, బో టై వేసుకునే పెళ్లి అయితే ఈ వ్యాసం మీకు కాదు. అక్కడ స్పోరన్ పెట్టుకోవాల్సిందే, అద్దెకు తెచ్చుకునైనా సరే. పైగా ఆ దుస్తుల్లో వెయిస్ట్‌కోట్ ఉంటుంది, దాని కింద బెల్ట్ పెట్టుకోరు. నేను చెప్పే పద్ధతి మొత్తం బెల్ట్ మీదే నడుస్తుంది. ట్విడ్ అనే ముతక ఉన్ని కోటు, స్వెటర్, కొండల్లో నడక, రగ్బీ మ్యాచ్, స్నేహితుల కేలీ అయితే నిశ్చింతగా మానేయవచ్చు. సీల్ అనే సముద్ర జంతువు చర్మంతో చేసిన పాత స్పోరన్ ఉన్నవాళ్లు అమెరికాలో బంధువుల ఇంటికి వెళ్తుంటే దాన్ని ఇంట్లోనే వదిలేయండి. అక్కడ 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ఉంది, అలాంటివి లోపలికి రానివ్వరు.

కావలసినవి: వెడల్పాటి కిల్ట్ బెల్ట్, వెనక రెండు లూపులున్న తోలు పౌచ్, కిల్ట్ పిన్ను. పౌచ్ అరచేయంత ఉంటే చాలు. దాని రంగు బెల్ట్ రంగుతో, బూట్ల రంగుతో కలవాలి. మూతకు బకిల్ గానీ గట్టి గుండీ గానీ ఉండాలి. అయస్కాంతం మూతలు కొనకండి, గెంతితే తెరుచుకుంటాయి. తోలు వద్దనుకునేవాళ్లకు మందపాటి కాన్వాస్ పౌచ్ బాగుంటుంది.

కిల్ట్‌ను మామూలుగానే కట్టుకోండి. పట్టీలు బిగించాక అంచు మోకాలి మధ్యకు రావాలి. బెల్ట్‌ను పౌచ్ లూపుల్లోంచి ముందే దూర్చి, తర్వాత నడుముకు పెట్టుకోండి. ఇంతవరకూ ఎవరైనా చేయగలరు.

పౌచ్ ఎక్కడ ఉండాలన్న దగ్గరే అందరూ పాడుచేస్తారు.

ఎక్కువమంది కుడి తుంటి మీదకు జరుపుతారు, చేతికి అందుతుందని. కిల్ట్ ఎలా కుట్టారో ఒకసారి చూడండి. ఏప్రన్ అనే చదునైన ముందు భాగం ఎడమ నుంచి కుడికి వచ్చి, కుడి తుంటి దగ్గర పోగుల అంచుతో ముగుస్తుంది. సాధారణంగా అక్కడ రెండు బకిల్స్ ఉంటాయి. వాటి మీద పౌచ్ పడితే బకిల్ ఎత్తుకు అది బయటికి పొడుచుకొస్తుంది, రాపిడికి పోగులు ఊడుతాయి. ఎడమవైపు ఒక్కటే బకిల్. అందుకే పౌచ్ ఎడమవైపే పెట్టాలి. అదీ తుంటి మీద కాదు, బకిల్‌కు నాలుగు వేళ్లు ముందుకు. కుడిచేతివాటం వాళ్లు చేయి అడ్డంగా చాపి తీసుకోవచ్చు, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఎడమచేతివాటం వాళ్లకూ ఇదే చోటు.

వెనక్కి మాత్రం ఎప్పుడూ జరపకండి. పూర్తి కిల్ట్‌కు దాదాపు 8 గజాల బట్ట పడుతుంది, అంటే మన చీర కంటే ఎక్కువ. అందులో చాలా భాగం వెనక కుచ్చిళ్లలోనే ఉంటుంది. వాటి మీద పౌచ్ పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే కుచ్చిళ్లు అడ్డంగా నలిగిపోతాయి. ఆ ముడతలు మామూలు ఇస్త్రీకి పోవు. ఇంకొకరి కిల్ట్‌లో అలా కూర్చున్నవాళ్లను చూసి నేను చాలా బాధపడ్డాను.

ఎత్తు కూడా ముఖ్యమే. పౌచ్ బెల్ట్‌కు ఆనుకుని ఉండాలి, గొలుసుతో కిందికి వేలాడకూడదు. కూర్చున్నప్పుడు తొడ మడత దాకా వచ్చిందంటే అది మరీ పొడుగు. తొడ దాన్ని కిందినుంచి తోసి మూత ఊడదీస్తుంది. బెల్ట్ కింద రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. కిల్ట్‌ను నిలబెట్టేది దాని పట్టీలే, బెల్ట్ మోసేది పౌచ్‌నే. వదులుగా ఉంటే ఎడమవైపు జారి నడుము వంకరగా కనిపిస్తుంది. ఫోను, రెండు కార్డులు, ఒక తాళం, అంతకు మించి పెట్టకండి. చిల్లర అసలే వద్దు.

స్పోరన్ చేసే ఇంకో పని చాలామందికి తట్టదు. దాని బరువు ఏప్రన్‌ను కిందికి పట్టి ఉంచుతుంది. అది తీసేశాక స్కాట్లాండ్ గాలికి ముందు భాగం లేస్తుంది. అందుకే బట్ట బరువు చూసి తీసుకోండి. 16 ఔన్సుల ఉన్ని దానంతటదే నిలుస్తుంది, పల్చటి పాలిస్టర్ కలిపిన చవక కిల్ట్ నిలవదు. పిన్నును పోగుల అంచుకు దగ్గరగా, కింది అంచుకు బెత్తెడు పైన పెట్టండి. అది పై పొరకు మాత్రమే గుచ్చాలి. చీర కొంగుకు పిన్ను పెట్టే అలవాటు కొద్దీ మనవాళ్లు రెండు పొరలూ కలిపి గుచ్చేస్తారు. అలా చేస్తే మొదటిసారి కూర్చోగానే బట్ట చిరుగుతుంది. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్లను రెండు చేతులతో కిందికి సవరించుకుని, ఏప్రన్ తొడల మధ్యకు దిగేలా చూసి, మోకాళ్లు దగ్గర పెట్టుకోండి.

ఇన్ని జాగ్రత్తలెందుకు, కోటు జేబు చాలదా అంటారు. కేలీలో రెండో డాన్సుకే కోటు కుర్చీ మీదకు పోతుంది, దానితో పాటు ఫోనూ పోతుంది. మేజోడులో పెడితే దాన్ని పట్టి ఉంచే గార్టర్ పట్టీ ఒత్తుతుంది, నాలుగు మెట్లు ఎక్కేసరికి జారుతుంది. సియాటిల్‌లో మొదలైన యుటిలికిల్ట్స్ లాంటి జేబుల కిల్ట్‌లు వడ్రంగి పనికి, తోట పనికి చాలా బాగుంటాయి. కానీ వాటి పక్కల జేబులు నిండితే కుచ్చిళ్ల వరస చెడుతుంది. టార్టాన్ అనే గళ్ల ఉన్ని బట్టతో కుట్టిన కిల్ట్‌కు జేబులు కుట్టించడం నేను ఒప్పుకోను.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒకసారి మెట్లెక్కి దిగండి, కూర్చోండి, నాలుగైదు సార్లు గెంతండి. స్ట్రిప్ ద విల్లో డాన్సులో జోడీలు చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతాయి, పౌచ్ కదిలితే పక్కవాళ్లకు తగులుతుంది. కదిలిందంటే బెల్ట్ ఒక రంధ్రం బిగించండి.

ఇంటికొచ్చాక ముందు బెల్ట్, పౌచ్ తీసి, తర్వాతే కిల్ట్ పట్టీలు విప్పండి. వరస మారితే బరువంతా ఒకేసారి ఏప్రన్ మీద పడి బట్ట సాగుతుంది. పిన్ను తీసేసి, కుచ్చిళ్లు సరిచేసి, నడుము పట్టీ దగ్గర క్లిప్పులతో హ్యాంగర్‌కు తగిలించండి.