విదేశాల నుంచి వచ్చిన సహోద్యోగికి హైదరాబాదు తిండి పరిచయం చేయడం ఎలా

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు కార్యాలయాల్లో పనిచేయడానికి విదేశాల నుంచి వచ్చినవారు చేరిన కొద్దిరోజులకే, ఈ ఊళ్లో అన్నిటికన్నా మంచి రెస్టారెంటు ఏదని అడుగుతారు. మనవాళ్లు వెంటనే నాలుగు పేర్లు చెప్పి, ఆ నాలుగింటి మీదా తమలో తామే వాదించుకుంటారు. అడిగిన మనిషి మాత్రం ఫోన్‌లో ఎక్కువ రేటింగ్ కనిపించిన చోటికి వెళ్లి ఏదో ఒకటి తిని వస్తాడు. పేర్ల జాబితా ఇవ్వడం కన్నా, ఏ వంటకాన్ని ఏ పూట తినాలో చెప్పి పంపడం మేలు. ఈ నగరంలో పేరున్న వంటకాలలో చాలావాటికి ఒక వేళ ఉంది, ఆ వేళ తప్పితే ఎంత మంచి హోటలైనా నిరాశపరుస్తుంది.

నహారీ, పాయా ఉదయపు వంటకాలు. రాత్రంతా సన్నని మంట మీద ఉడికిన ఆ పులుసును పాతబస్తీలో పొద్దున్నే కుల్చాతో గానీ, పురానీ హవేలీ వైపు తందూరుల్లో కాల్చే చార్‌కోనీ నాన్‌తో గానీ తినాలి. ఇరానీ చాయ్‌కి ఏ వేళైనా సరిపోతుంది కానీ, మొదటిసారి అయితే చార్మినార్ పక్కనున్న నిమ్రాలో ఉస్మానియా బిస్కెట్టుతో తాగించడం బాగుంటుంది. హలీం రంజాన్ నెల సాయంత్రాలది. మాంసం, గోధుమలు, పప్పులు, నెయ్యి కలిపి భట్టీ మీద గంటల తరబడి కర్రలతో మెదిపే ఈ వంటకానికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇప్పుడు కొన్నిచోట్ల ఏడాది పొడుగునా అమ్ముతున్నారు గానీ, వండిన పూటే భట్టీ ఖాళీ అయ్యే రోజుల్లో తిన్న హలీంతో అది సాటిరాదని నా అభిప్రాయం.

బిర్యానీ విషయంలో కాస్త ఓపికగా వివరించాలి. హైదరాబాదు కచ్చీ పద్ధతిలో పెరుగు, మసాలా, పచ్చి బొప్పాయి పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన అన్నాన్ని పరచి, మూత చుట్టూ పిండి మెత్తి, దమ్ మీద ఉంచుతారు. అడుగున మాంసమూ పైన అన్నమూ ఒకేసారి ఉడికి రావడంలోనే వంటవాడి పనితనమంతా ఉంది. కోడిమాంసం త్వరగా ఉడుకుతుంది కాబట్టి చికెన్ బిర్యానీలో లోపాలు అంతగా బయటపడవు. హోటలును అంచనా వేయాలంటే మటన్ బిర్యానీయే తెప్పించాలి. మధ్యాహ్నం పన్నెండున్నర, రెండు గంటల మధ్య, అంటే దేగ్ (బిర్యానీ వండే పెద్ద గిన్నె) కొత్తగా తెరిచిన వేళలో, అక్కడే కూర్చుని తినాలి. పార్సిల్ డబ్బాలో ఆవిరి పట్టి మెత్తబడిన అన్నాన్ని తిని తీర్పు చెప్పడం ఆ హోటలుకు అన్యాయమే. ప్లేటులో తెల్లని మెతుకులూ, రంగు పట్టిన మెతుకులూ, అడుగు మసాలా వేర్వేరుగా కనిపించాలి. మెతుకులన్నీ ఒకే పసుపు రంగులో ఉంటే అనుమానించవచ్చు. మిర్చీ కా సాలన్ కలుపుకుంటే తప్ప ముద్ద దిగని బిర్యానీని నేను మంచిదనను.

కారం సంగతి ముందే చెప్పి ఉంచాలి. అప్పటికప్పుడు వండే వేపుళ్లలో, కూరల్లో కారం తగ్గించమని అడిగితే తగ్గిస్తారు, కానీ దమ్ పూర్తయిన బిర్యానీలో ఆ అవకాశం లేదు. మిరపలోని మంట నీళ్లలో కరగదు కాబట్టి, నోరు మండినప్పుడు నీళ్లకు బదులు పెరుగు అందించాలి. అమీర్‌పేట మెస్సులో భోజనం పెట్టిస్తే మొదట ముద్దపప్పు, నెయ్యి, ఆ తర్వాతే గోంగూర.

మాంసం విషయంలో పట్టింపులున్న అతిథిని పాతబస్తీకి తీసుకెళ్తే 'ఛోటే కా', 'బడే కా' అనే మాటలు ముందే నేర్పాలి. మొదటిది మేక లేదా గొర్రె మాంసం, రెండవది గేదె మాంసం. కల్యాణీ బిర్యానీ గేదె మాంసంతో చేసేది. శుభ్రతకు సంబంధించి, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్యను గోడ మీద చూడవచ్చు, కానీ జనం బాగా ఉండి వంట ఎప్పటికప్పుడు అయిపోతున్న చోటును నేను ఎక్కువగా నమ్ముతాను. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది. షవర్మా తినేవారు అది గుర్తుంచుకోవడం మంచిది.

ఆన్‌లైన్ సమీక్షల్లో చుక్కల సంఖ్యను పక్కనపెట్టి, ఏ వంటకం, ఏ వేళ తిన్నారో రాసిన వాటినే చదవాలి.

ఇక వాదనలు. కలకత్తా నుంచి వచ్చినవారు బంగాళాదుంప లేని బిర్యానీ ఏమిటంటారు, లక్నోవారు మాంసాన్ని ముందే వండి అన్నంతో కలిపే పక్కీ పద్ధతే నాజూకైనదంటారు, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు పాతబస్తీ వైపున్న బార్కస్‌లో దొరికే మండీ (అరబ్బుల మాంసం, అన్నం వంటకం) అసలైన మండీ కాదంటారు. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు బార్కస్‌లో వండుకునేది హైదరాబాదు తిండే. దాన్ని యెమెన్‌తో పోల్చి తగ్గించనక్కరలేదు. మనలో మనకే ఆంధ్ర భోజనమా, సర్వపిండీ పచ్చిపులుసూ ఉన్న తెలంగాణ భోజనమా అన్న తగాదా ఉంది. అతిథికి రెండూ పెట్టించి మనం మౌనంగా ఉండటం ఉత్తమం. 2019లో యునెస్కో హైదరాబాదును ఆహార సంస్కృతికి గుర్తింపు పొందిన సృజనాత్మక నగరాల్లో చేర్చిందని సాక్ష్యం తెచ్చేవారూ ఉంటారు, అయితే ఆ గౌరవం నగరానిది, వారు మెచ్చిన హోటలుది కాదు. రెండు హోటళ్ల మధ్య తగువు తేలకపోతే, వరుసగా రెండు ఆదివారాలు ఒకే వేళకు రెండు చోట్లకూ వెళ్లి, రెండుసార్లూ మటన్ బిర్యానీయే తెప్పించుకుని చూడాలి. బిల్లు ఓడినవారిదని ముందే ఒప్పందం చేసుకోవాలి.