ఆర్కే బీచ్ గుర్రాన్ని ఆయిల్ రంగుల్లో వేయాలంటే

నేను వేసిన మొదటి గుర్రాన్ని చూసి మా అమ్మాయి "కుక్క భలే ఉంది నాన్నా" అంది. తప్పంతా కాళ్లలోనే. వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలు మోకాలు కాదు, మన మడమ లాంటిది. అసలు మోకాలు పైన, డొక్క దగ్గరుంటుంది. ఇది తెలిశాక సగం టెన్షన్ పోయింది. కొలతకి గుర్రం తలే చాలు: ఛాతీ నుంచి పిరుదు దాకా సుమారు రెండున్నర తలలు, నేల నుంచి మూపు దాకా కూడా దాదాపు అంతే.

విశాఖ బీచ్‌కి పొద్దున్నే వెళ్లండి, ఎండ సముద్రం వైపు నుంచి ఏటవాలుగా పడుతుంది. ముందు ఆకాశం, నీళ్లు, దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ టర్పెంటైన్‌తో పల్చగా కానిచ్చేయండి. కొండ ముదురైతే గుర్రం నెత్తినెక్కి కూర్చుంటుంది.

గోధుమ రంగు గుర్రానికి బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు), నీడకి అందులోనే అల్ట్రామెరైన్ బ్లూ. నల్ల ట్యూబ్ మూత నేనసలు తీయను. వీపు మీద ఆకాశం పడి కాస్త నీలంగా మెరుస్తుంది. పొట్ట కింద ఇసుక వెలుగు తగులుతుంది, అక్కడ కొంచెం ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). ఈ రెండూ లేకపోతే గుర్రం అతికించిన స్టిక్కరే. గిట్టల అంచుల్ని రంగు తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో ఇసుకలోకి లాగేయండి.

పై పొరలకి రంగులో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పెంచుతూ పోవాలి, లేదంటే తర్వాత పగుళ్లిస్తుంది. జూలు ఆఖర్న, ఫ్లాట్ బ్రష్‌తో నాలుగు దెబ్బలు.

అన్నట్టు, ఆయిల్ తుడిచిన గుడ్డలు కుప్పగా పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నేనైతే పెరట్లో తీగ మీద విడివిడిగా ఆరేస్తాను.