గంతులేసే షెల్టర్ కుక్కని కొత్త ఇంటికి పంపే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ప్రతి షెల్టర్‌లోనూ కొన్ని కుక్కలు నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. అవి కరిచేవి కావు, జబ్బుపడ్డవీ కావు. తలుపు తీయగానే మీదకి దూకుతాయి, చున్నీ పట్టుకుని లాగుతాయి, నడిపించే తాడుని, అంటే లీష్‌ని, నోట కరుచుకుని ఊపేస్తాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు రెండడుగులు వెనక్కి వేసి, పక్క కెన్నెల్‌లో (కుక్కని ఉంచే గదిలో) ఒద్దికగా కూర్చున్న కుక్కని తీసుకెళ్ళిపోతారు. అలాంటి కుక్కకి కొన్నాళ్ళు మాత్రమే ఉంచుకుని చూసుకునే ఫోస్టర్ ఇల్లో, కుక్కల్ని కాపాడే వేరే రెస్క్యూ సంస్థో, కలకాలం పెంచుకునే కుటుంబమో వెతికే వలంటీర్ల కోసం ఇది రాస్తున్నాను. కుక్క ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి, దానికి సరిపోయే ఇల్లు దొరికేదాకా ఓపిక పట్టండి. తొందరపడి పంపితే వారం తిరక్కుండా వెనక్కి వస్తుంది. అప్పుడు దాని పేరు పక్కన 'ఒకసారి రిటర్న్ వచ్చింది' అని చేరుతుంది. రెండోసారి అడిగేవాళ్ళు ఇంకా తగ్గిపోతారు.

ఇప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, దత్తత తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదేనని స్పష్టంగా ఉంది. అదే ఏడాది నవంబరు 7న స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలోని కుక్కల్ని షెల్టర్లకి తరలించాలనీ, తిరిగి అక్కడే వదలకూడదనీ కోర్టు చెప్పింది. అంటే షెల్టర్లలోకి వచ్చేవి పెరుగుతాయి, చోటు తగ్గుతుంది. ఎలాగోలా ఒకదాన్ని పంపించేస్తే చాలన్న ఒత్తిడి మన మీద పడుతుంది. ఆ ఒత్తిడిలోనే తప్పు ఇంటికి పంపేస్తాం. పెంచుకుంటున్న జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమన్న సంగతి తీసుకునేవాళ్ళకి ముందే చెప్పాలి. బెదిరించడానికి కాదు, వాళ్ళు ఎంత బాధ్యత నెత్తిన వేసుకుంటున్నారో తెలియడానికి.

కెన్నెల్‌లో చూసి తీర్పు చెప్పకండి

చుట్టూ మొరుగుళ్ళు, సిమెంటు నేల, రోజుకి కాసేపు మాత్రమే బయటి గాలి. అలాంటి చోట ఏడాదిన్నర కుక్క కుదురుగా ఉంటేనే ఆశ్చర్యపోవాలి. ఎనిమిది నెలల నుంచి రెండేళ్ళ వయసులో కుక్కలకి సహజంగానే ఉత్సాహం ఎక్కువ. దానికి ఇనుప తలుపు తోడైతే, అవతల మనిషి కనిపిస్తున్నా దగ్గరికి వెళ్ళలేకపోవడంతో ఆ ఉత్సాహం ఉక్రోషంగా మారుతుంది. అందుకే దాన్ని బయటికి తీసుకెళ్ళి, జనం లేని చోట అరగంటైనా గడపాలి. మొదటి పది నిమిషాలు లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత ఏం చేస్తుందో చూడండి.

మా షెల్టర్‌లో మల్లి అని గోధుమరంగు దేశీ ఆడకుక్క ఉండేది. గొళ్ళెం చప్పుడు వింటే చాలు, వెనక కాళ్ళ మీద లేచి నిలబడేది. తలుపు తెరిస్తే ముందు చున్నీ అంచు దొరకబుచ్చుకునేది. మనం లాగితే అది ఇంకా గట్టిగా లాగేది, తోక ఊపుతూ. అరిచినా, చేత్తో తోసినా దాని దృష్టిలో అదంతా ఆటే. అదే చున్నీ వదిలేసి, కదలకుండా నిలబడి, నేలమీద గుప్పెడు డాగ్ ఫుడ్ గింజలు చల్లితే మల్లి తల కిందికి దించేది. ఒక్కో గింజా వాసన చూసుకుంటూ ఏరుకునేసరికి ఆయాసం తగ్గేది, బిగిసిన వీపు వదులయ్యేది. చివరికి వచ్చి మన కాలికి ఒళ్ళు ఆనించి కూర్చునేది. ఈ రెండో మల్లిని చూడకుండా మొదటి మల్లిని మాత్రమే చూసి వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ. మీ దగ్గరున్న కుక్కకీ ఇలాంటి రెండో ముఖం ఉందేమో కనిపెట్టి, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. కెన్నెల్‌లో ఉన్నప్పటిదీ తీయండి. రెండూ పంపాలి.

ఉత్సాహానికీ దూకుడుతనానికీ తేడా ఒళ్ళు చూస్తే తెలుస్తుంది. సంబరపడే కుక్క ఒళ్ళంతా మెలికలు తిరుగుతుంది, నడుముతో సహా తోక ఊపుతుంది, నోరు తెరిచి ఉంటుంది. ఒళ్ళు కొయ్యబారి, నోరు బిగించి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకి చూస్తూ ఉంటే అది వేరే విషయం. తోక ఊగుతున్నా సరే, అనుభవమున్న ట్రైనర్‌కి చూపించకుండా ఇంటికి పంపొద్దు. తిండి గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటుందా, వేరే కుక్కల్ని చూస్తే ఏం చేస్తుంది, పిల్లిని చూస్తే ఏం చేస్తుంది, ఇవి కూడా రాసుకోవాలి.

పశువుల డాక్టర్‌కి ఒకసారి పూర్తిగా చూపించాలి. గజ్జి, పిడుదులు, చెవి పోటు, ఎక్కడో ఒక పాత దెబ్బ, వీటివల్ల కూడా కుక్క స్థిమితంగా ఉండలేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందా, యాంటీ రేబిస్ టీకా ఏ తేదీన వేశారు, మళ్ళీ ఎప్పుడు వేయించాలి అన్నవి కాగితం మీద ఉండాలి. నోటి మాట చాలదు.

ప్రకటనలో ఏం రాయాలి

'చాలా యాక్టివ్, ప్రేమగా ఉంటుంది' అని రాసి ఫొటో పెట్టడం సులువు. దాన్ని చూసి ఫోన్ చేసేవాళ్ళకి మనం పంపే కుక్క గురించి ఏమీ తెలియదు. ఇలా రాయండి: 'మనుషుల్ని చూస్తే మీదకి దూకుతుంది, బట్టలు పట్టుకుని లాగుతుంది. తిండి దగ్గర ఇబ్బంది లేదు. పొద్దున్నే గంటసేపు నడిపించగలిగినవాళ్ళు కావాలి. చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి ఇప్పట్లో సరిపోదు.' ఫోన్లు తగ్గుతాయి, నిజమే. కానీ వచ్చే ఆ ఒకటి రెండు ఫోన్లు పనికొచ్చేవి అవుతాయి. ఎప్పుడైనా ఎవరినైనా కరిచి ఉంటే, ఆటలో పన్ను గీసుకున్నదైనా సరే, దాచొద్దు.

వేరే సంస్థని అడిగేటప్పుడూ ఇంతే. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూక్రాస్, విశాఖలో 1996లో మొదలైన వీఎస్‌పీసీఏ లాంటి పాత జంతు సంరక్షణ సంస్థలున్నాయి, ఇళ్ళలోనే ఫోస్టర్ చేసే చిన్న బృందాలూ ఉన్నాయి. గంతులేసే కుక్కకి ఇంకో పెద్ద షెల్టర్ కంటే నాలుగైదు కుక్కల్ని మాత్రమే ఇంట్లో చూసుకునే ఫోస్టర్ మేలని నా అభిప్రాయం. ఒక కెన్నెల్ నుంచి ఇంకో కెన్నెల్‌కి మారిస్తే కుక్కకి ఒరిగేదేమీ లేదు. ఎవరినడిగినా వీడియోలు, మెడికల్ రికార్డు, ఖర్చుల్లో మీరెంత భరిస్తారో ముందే చెప్పండి. వాళ్ళు ఒప్పుకోకుండా తీసుకెళ్ళి గేటు ముందు కట్టేసి రావడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

ఇల్లు చూసేటప్పుడు

'మాకు చాలా ఖాళీ స్థలం ఉందండీ' అనగానే మురిసిపోకండి. ఆ స్థలంలో కుక్కని ఏం చేస్తారో అడగండి. చాలాసార్లు దానర్థం, పగలంతా గొలుసుతో కట్టేసి రాత్రి కాపలాకి వదులుతారని. మనుషుల కోసం తపించే కుక్కని అలా కట్టేస్తే నెల తిరిగేసరికి వచ్చేపోయేవాళ్ళందరి మీదకీ ఎగబడుతుంది. రెండు గదుల అపార్ట్‌మెంటైనా వేళకి నడిపించి, ఇంట్లో తమతో ఉంచుకునేవాళ్ళు దొరికితే అదే నయం.

గేటు కింద సందు ఎంతుంది, గోడ ఎంత ఎత్తుంది చూడండి. మేడ మీద తిరగనిస్తామంటే పిట్టగోడ దగ్గర నిలబడి చూడండి. చురుకైన దేశీ కుక్క నడుమెత్తు పిట్టగోడని ఒక్క గెంతుతో దాటుతుంది, అవతల ఏముందో చూసుకోదు. అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో ఉంది. అయినా లిఫ్టులో పక్కింటి పాప మీదకి కుక్క దూకితే ఆ కాగితం కాపాడదు. కొన్నాళ్ళు మెట్లు వాడతారా, లిఫ్టు ఖాళీగా ఉన్న వేళే దింపుతారా అని అడగండి. హైదరాబాద్‌లో అయితే మున్సిపల్ కార్పొరేషన్ దగ్గర కుక్కకి రిజిస్ట్రేషన్ చేయించాలి.

ఇంట్లో అందరూ వచ్చి కుక్కని చూడాలి, ఇంటి పనికి వచ్చే ఆవిడతో సహా. పొద్దున్నే తలుపు తీసుకుని లోపలికొచ్చేది ఆవిడే కదా. 'మా అత్తగారికి కుక్కలంటే భయం, అలవాటు పడిపోతుంది లెండి' అన్న మాట వినిపిస్తే అక్కడే ఆగిపోండి. ఆ అత్తగారితో నేరుగా మాట్లాడేదాకా ముందుకెళ్ళొద్దు. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే రెండింటినీ ఒకేసారి హాల్లో వదలకండి. బయట, ఎవరిదీ కాని చోట, మధ్యలో దూరం ఉంచి పక్కపక్కనే నడిపించి చూడండి. అన్నీ కుదిరినా నేరుగా దత్తత రాయకుండా రెండు మూడు వారాలు ఫోస్టర్‌గా ఉంచమనడం మంచిది.

ఏ రోజుల్లో పంపకూడదు

దీపావళికి ముందూ వెనకా రెండేసి వారాలు పంపొద్దు. కొత్త ఇంట్లో దారీతెన్నూ తెలియని కుక్క బాంబు చప్పుడుకి బెదిరి పారిపోతే, తిరిగి రావడానికి దానికి ఇల్లంటే ఏదో కూడా తెలియదు. వినాయక నిమజ్జనం డీజేలు, డప్పులప్పుడూ అంతే. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళకి వచ్చాకే ఇవ్వండి. ఇంట్లో పెళ్ళి ఉంటే అది అయ్యాకే. ఎండాకాలమైతే తెల్లవారుజామున తరలించండి.

ప్రయాణంలో పారిపోయే కుక్కలే ఎక్కువ, కాబట్టి ఇక్కడ కాస్త చాదస్తంగానే ఉండండి. ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), మెడకి బెల్టు, రెండింటికీ రెండు వేర్వేరు లీష్‌లు. బెల్టులో రెండు వేళ్ళు పట్టాలి, తల మాత్రం జారకూడదు. ఫోన్ నంబరున్న బిళ్ళ ఉండాలి. లీష్ చేతికి చుట్టుకున్నాకే కారు తలుపు తీయాలి. ఇంటి గేటు వేశాకే కుక్కని దించాలి. బైక్ మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దు. దూరమైతే డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చేసుకుంటే మనతో తీసుకెళ్ళొచ్చు. గార్డు బోగీలో ఉండే పెట్టెలో ఒంటరిగా పంపే పద్ధతీ ఉంది, కానీ ఇలాంటి కుక్కకి అది వద్దు.

మొదటి రోజులు

తీసుకెళ్ళిన రోజే స్నానం, చుట్టాలకి చూపించడం, పార్కుకి తీసుకెళ్ళడం, ఏవీ వద్దు. ఒక గది, నీళ్ళు, పడుకోవడానికి పాత దుప్పటి, నిశ్శబ్దం. మూడు రోజులకి బెరుకు తగ్గి, మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలిసి, మూడు నెలలకి మనదవుతుందని రెస్క్యూ వాళ్ళు చెప్పే మాట. కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది.

దూకడం మానిపించడానికి ఇంట్లో అందరూ ఒకే పని చేయాలి. దూకగానే చేతులు కట్టుకుని పక్కకి తిరగాలి. నాలుగు కాళ్ళూ నేలమీద పెట్టాక తినుబండారం నేలమీదే వేయాలి. నాన్న తిడుతూ, పిల్లాడు నవ్వుతూ ఎత్తుకుంటూ ఉంటే కుక్కకి ఏమీ అర్థం కాదు. కొట్టడం, ముళ్ళ బెల్టు వేయడం అసలు వద్దు. వాటితో భయం చేరుతుంది, భయపడ్డ కుక్క కరుస్తుంది. అలిసిపోతే కుదురుతుందని గంటల తరబడి బంతి విసరడం కూడా ఎదురు తిరుగుతుంది, రోజురోజుకీ దాని దమ్ము పెరుగుతుంది. తీరిగ్గా వాసన చూసుకుంటూ నడవనివ్వండి. చప్పటి పెరుగన్నం స్టీలు గిన్నెలో వేసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతూ కూర్చుంటుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉడికిన చికెన్ ఎముకలు మాత్రం పెట్టొద్దు. పగలు కూడా బాగా పడుకోనివ్వాలి, నిద్ర చాలని కుక్క ఇంకా రెచ్చిపోతుంది.

ఆటలో పన్ను గీసుకునే అవకాశం ఉందని కుటుంబానికి ముందే చెప్పండి. చర్మం చిట్లితే సబ్బు పెట్టి, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపూ, కారం పెట్టకూడదు. కుక్కకి టీకా ఉందన్నా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి డాక్టర్ చెప్పినట్టు టీకా వేయించుకోవాలి.

కుదరకపోతే కుక్కని మీకే తిరిగివ్వాలనీ, ఇంకెవరికీ ఇవ్వకూడదనీ కాగితం మీద రాయించుకోండి. అర్ధరాత్రైనా ఫోనెత్తే ఒకరి నంబరు వాళ్ళకివ్వండి. మొదటి వారం రోజూ మీరే ఫోన్ చేయండి. 'ఎలా ఉంది?' అని అడిగితే మొహమాటానికి 'బాగానే ఉందండీ' అంటారు. 'నిన్న డెలివరీ అబ్బాయి బెల్లు కొట్టినప్పుడు ఏం చేసింది? అప్పుడు లీష్ ఎవరి చేతిలో ఉంది?' అని అడగండి. తడబడ్డారంటే ఆ సాయంత్రమే ట్రైనర్‌ని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళండి.