స్ట్రాంగ్ ఏల్‌ను ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగొద్దు
బెల్జియన్ తరహా డార్క్ స్ట్రాంగ్ ఏల్‌ను (ఆల్కహాల్ ఎక్కువుండే ముదురు రంగు బీరు) ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే చల్లదనం తప్ప రుచేమీ తెలియదు. పెట్టిన డబ్బు దండగ అనిపిస్తుంది.

సీసాను ముందు రోజే నిలబెట్టి ఉంచండి, ఈస్ట్ మడ్డి అడుక్కి దిగుతుంది. తాగే ముందు 20 నిమిషాలు బయట పెట్టండి. 10-12 డిగ్రీలకు వస్తే చాలు. వెడల్పు గ్లాసును వంచి, ఒకే ధారగా నెమ్మదిగా పోయండి. మధ్యలో ఆపి సీసా నిటారుగా నిలబెడితే మడ్డంతా లేచి కలిసిపోతుంది (నాకు రెండుసార్లు అలాగే అయింది). చివరి అంగుళం సీసాలోనే వదిలేయండి. అప్పుడు ఎండు ద్రాక్ష, లవంగం లాంటి వాసనలు విడివిడిగా తెలుస్తాయి.

గది బాగా వేడిగా ఉంటే మాత్రం 10 నిమిషాలకే చూసుకోండి. మరీ వేడెక్కితే ఆల్కహాల్ ఘాటు ఒక్కటే మిగులుతుంది.